పలకరింపు గడి

మా ఆయన పోయిన తర్వాత కూడా ఆ పట్టికలో తేదీలు మారుతూనే ఉన్నాయి. వేసవి సెలవులు మొదలైన కొత్తలో, ఒక మధ్యాహ్నం, దాన్ని మూసేద్దామని తెరిచినప్పుడు చూశాను.

అది ఆయన నడిపిన వెబ్‌సైట్. పగలు లిఫ్టులు బాగుచేసేవారు, సాయంత్రం దాని ముందు కూర్చునేవారు. నలుగురూ కలిసి ఆడే ఒక కంప్యూటర్ ఆట ఉంది. అందులో మనుషులు ఇళ్ళు కట్టుకుంటారు, పొలాలు దున్నుతారు, వంతెనలు వేస్తారు, ఒకళ్ళ కోడిని ఒకళ్ళు ఎత్తుకుపోతారు. ఆట ఒకటే అయినా ఆడే చోట్లు వేలు. ఎవరికి వారు తమ కంప్యూటర్లో ఒక లోకం తెరిచిపెట్టి రమ్మంటారు. ఆ చోటునే సర్వర్ అంటారు. కొత్తగా వచ్చినవాడికి ఎక్కడికి వెళ్ళాలో తెలియదు కాబట్టి, సర్వర్లన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూపించే పట్టికలు ఉంటాయి. ఆయనది అలాంటి ఒక చిన్న పట్టిక. సర్వర్ పేరు, ఇప్పుడు ఎంతమంది ఆడుతున్నారు, ఇంకా ఎంతమంది పడతారు, మన మాట అక్కడికి చేరడానికి ఎంత ఆలస్యం, ఈ నెలలో ఎంతసేపు పనిచేయకుండా పడి ఉంది. ఇవన్నీ యంత్రమే కనుక్కుని నింపుకుంటుంది.

చివరి గడి పేరు పలకరింపు. దాన్ని మాత్రం యంత్రం నింపదని ఆయనే సైట్లో ఒక మూల రాసిపెట్టారు. 'ఈ గడి కోసం మనిషి వెళ్తాడు. కొత్తవాడిలా కాసేపు నిలబడతాడు. అక్కడివాళ్ళు ఎలా పలకరించారో విని రాస్తాడు.'

నేను తెరిచిన రోజున గాలిమర అనే సర్వర్ పక్కన, పలకరింపు గడిలో 'బాగుంది' అని ఉంది. కింద, చూసిన తేదీ అన్నచోట, నిన్న అని ఉంది.

నేను బడిలో తెలుగు చెప్తాను. నిన్న అనే మాటకు అర్థం నాకు తెలుసు. అయినా ఆ మధ్యాహ్నం కాసేపు తెలియలేదు. కిందికి జరుపుతూ పోయాను. ఒకదానికి మొన్న, ఇంకోదానికి పోయిన వారం. ఆయన పోయింది చలికాలంలో, పనిలో ఉండగానే, గుండె ఆగి.

వదినకి ఫోన్ చేశాను. వదిన అంటే ఆయన అక్క.

"ఎవడో దొంగ దూరి ఉంటాడు మరదలా. పాస్‌వర్డ్ మార్చెయ్. మార్చి, ఆ దుకాణం కట్టెయ్. ఇంకా దేనికి?"

"సరే వదినా."

"అమ్మకి చెప్పావా? సెలవులు అయ్యేలోగా నేనే వచ్చి తీసుకెళ్తాను. మీరిద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ ఎన్నాళ్ళు కూర్చుంటారు?"

ఈ మాట వదిన అంతకు ముందే అత్తయ్యతో అంది. అత్తయ్య చూద్దాం అంది. నేను అదీ అనలేదు. మాకు పిల్లలు లేరు. కొడుకు పోయిన ఇంట్లో అత్తగారూ కోడలూ ఒకరికొకరు ఏమవుతారో, ఉండమని అడిగే హక్కు ఎవరికి ఉంటుందో, వెళ్తానని చెప్పే స్వేచ్ఛ ఎవరికి ఉంటుందో నాకు తెలియదు. తెలియని విషయం గురించి మాట్లాడకపోవడం నాకు ఉద్యోగంలో అలవాటైంది.

పాస్‌వర్డ్ మార్చాను. పాతది ఒక చీటీ మీద రాసి తెర అంచుకి అంటించి ఉండేది. ఆ చీటీ పీకబుద్ధి కాక అలాగే వదిలేశాను.

మర్నాటి నుంచి అత్తయ్య తీరు మారింది. గ్లాసు బల్లమీద పెడితే చప్పుడు, తలుపు వేస్తే చప్పుడు. నేను ముందు గదిలోకి వస్తే లేచి వంటింట్లోకి, వంటింట్లోకి వస్తే ముందు గదిలోకి. వదిన మాట గురించి అనుకున్నాను. వెళ్ళడం ఇష్టం లేక ఇలా ఉందా, వెళ్ళనివ్వడం లేదని ఇలా ఉందా, అదీ తేలలేదు.

"అమ్మాయ్, ఆ కంప్యూటర్‌కి ఒంట్లో బాగాలేదా?" అంది ఒకరోజు, బట్టలు మడతపెడుతూ.

"ఎందుకత్తయ్యా?"

"ఊరికే. ఎండలు కదా. యంత్రాలకీ వడదెబ్బ తగులుతుందేమోనని."

ఇంకో రెండు బట్టలు మడతపెట్టింది.

"తెరకి చీటీ ఉంటుందే, అందులో ఉన్నది ఇప్పుడు పనిచెయ్యదా?"

నేను చేతిలోని తువ్వాలు పట్టుకుని నిలబడిపోయాను. "మీరా?"

"మీరా అంటే? ఏదో కన్నం వేసినదాన్ని పట్టుకున్నట్టు చూస్తావేం?"

"ఆ గడి నింపుతున్నది మీరా అత్తయ్యా?"

"ఎప్పుడూ నేనే నింపాను. వాడు రాసేవాడు. ఇప్పుడు రాయడం కూడా నా నెత్తిన పడింది."

అత్తయ్య టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయింది. రోజంతా చెవికి ఫోన్ తగిలించుకుని, ఎవరెవరినో ఎవరెవరికో కలిపిన మనిషి. సాయంత్రాలు ఆయన కంప్యూటర్ ముందు, అత్తయ్య ఆయన వెనక కుర్చీలో, ఇద్దరి చెవులకీ హెడ్‌ఫోన్లు. నేను లోపలి గదిలో పేపర్లు దిద్దుకుంటూ, ఆవిడ పాటలు వింటోందనుకునేదాన్ని. ఆయన తెర మీద మనిషిని నడిపించేవారట. అక్కడివాళ్ళ మాటలు ఆవిడ వినేదట. ఏ సర్వర్‌కి ఏం వెయ్యాలో ఆవిడ చెబితే ఆయన రాసేవారట.

"మరి ఇప్పుడు నడిపించేది ఎవరు?" అన్నాను.

"ఎవరూ లేరు. నాకు నడవడం రాదు. లోపలికి వెళ్ళి నిలబడతాను. చాలదూ? కొత్తవాడు ఊరి మొదట్లో గుంజలా నిలబడి ఉంటే ఎవడేం చేస్తాడో అదేగా చూడాల్సింది."

"ఆయన పేరుతోనే వెళ్తున్నారా?"

"ఇంకెవరి పేరుతో వెళ్తాను?"

ఆ ఆటలో ఆయన పేరు ఆవలింత. ఎందుకు పెట్టుకున్నారో అడగలేదు.

"ఆయన లేరని వాళ్ళకి..."

"నేను మాట్లాడనమ్మాయ్. ఆపరేటరు లైన్లో ఉంటుంది. మాట్లాడదు."

ఆ సాయంత్రం కొత్త పాస్‌వర్డ్ నేనే కొట్టి, రెండో కుర్చీలో కూర్చున్నాను. ఆయన హెడ్‌ఫోన్‌కి ఒకవైపు స్పాంజి ఊడిపోయి ఉంది. పెట్టుకుంటే ఆ చెవికి ప్లాస్టిక్ చల్లగా తగిలింది.

తెర మీద కొండ, కొండ కింద గుడిసెలు, ఒక గాలిమర. దాని ముందు మనిషి బొమ్మ, తల మీద ఆవలింత అనే పేరు. అది ఆయన కాదని నాకు తెలుసు. అయినా వెనకనుంచి చూస్తే భుజాలు కొంచెం వంచినట్టు అనిపించింది. బొమ్మలన్నీ అలాగే ఉన్నాయని తర్వాత గమనించాను.

"ఆవలింత వచ్చాడ్రోయ్," అంది ఒక మగ గొంతు. "గుండీలు పెట్టుకోండి అందరూ."

"నువ్వు ముందు చొక్కా వేసుకో, తర్వాత గుండీల సంగతి," అంది ఒక ఆడ గొంతు. ఆవిణ్ణి అందరూ పిన్నీ అంటున్నారు. మొదటివాడిని మేస్త్రీ అంటున్నారు.

"ఈ మధ్య మాట్లాడ్డం మానేశావేం అన్నా?" అన్నాడు మేస్త్రీ. "మైకు పాడైందా, మనసు పాడైందా? మైకే అయితే ఒకసారి దూకు."

అత్తయ్య వేలు కీబోర్డులో పొడుగు మీట మీదకి వెళ్ళింది. బొమ్మ ఒకసారి గాల్లోకి ఎగిరి దిగింది.

"హమ్మయ్య, మైకే," అన్నాడు మేస్త్రీ.

నేను హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అది అబద్ధమా అని ఆలోచించాను. ఒక మీట నొక్కితే ఒక బొమ్మ ఎగిరింది. అంతకంటే ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ ఆ చివర ఉన్నవాళ్ళు ఆయన ఉన్నారనుకుని హాయిగా నవ్వుకుంటున్నారు, ఈ చివర ఆయన తల్లి ఆ నవ్వు వింటోంది. ఆపమని చెప్పాలా, తలుపు వేసి పోవాలా, నేనూ వినాలా? హెడ్‌ఫోన్ మళ్ళీ పెట్టుకున్నాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

అలా ఆ సెలవుల్లో మధ్యాహ్నాలన్నీ సర్వర్లు చూడటంతోనే గడిచాయి. పట్టికలో పైనుంచి కిందికి ఒక్కొక్కటీ. ఒక చోటికి వెళ్ళగానే ఎవరో కత్తితో పొడిచి మా టోపీ తీసుకుపోయారు. ఒక చోట అందరూ ఉన్నారు కానీ ఎవరూ లేరు. ఎంతమంది ఉన్నారనే గడిలో పెద్ద అంకె, లోపల అడుగుపెడితే బొమ్మలు నిద్రపోతున్నట్టు వరసగా నిలబడి ఉన్నాయి. అంకె పెరగడానికి అలా నిలబెడతారట. నేను మెల్లగా నడిపించడం నేర్చుకున్నాను. అంటే, నీళ్ళలో పడకుండా గోడకి గుద్దుకోవడం నేర్చుకున్నాను.

మార్కుల దగ్గర మాకు పడేది కాదు.

"ఇదేంటత్తయ్యా, వీళ్ళకి 'బాగుంది' వేశారు? ఆ అబ్బాయి మనల్ని ఏమన్నాడో విన్నారా? ఎవడ్రా ఈ దిష్టిబొమ్మ అన్నాడు."

"అన్నాడు. అంటూ చేతిలో రొట్టె పెట్టాడు. చీకటి పడుతోంది, బయట ఉంటే చస్తావు, లోపలికి రా అన్నాడు. అది వినలేదూ?"

"నిన్న ఆ రెండో చోట స్వాగతం సార్ అని ఎంతో మర్యాదగా అన్నారు. వాళ్ళకి 'పర్వాలేదు' వేశారు."

"స్వాగతం అన్నాక ఒక్కడైనా తిరిగి చూశాడా? మా ఎక్స్‌ఛేంజిలో కూడా ఒకావిడ ఉండేది. చెప్పండి సార్, చెప్పండి సార్ అంటూ లైను తెంపేసేది."

నేను బడిలో ఎంతమందికి ఏం వేశానో ఆ రోజు గుర్తుచేసుకోదలచుకోలేదు. 'బాగుంది' అలాగే ఉంచాను.

ఒకరోజు వంటింట్లో ఉండగా అత్తయ్య ఫోన్‌లో మాట్లాడటం వినబడింది.

"మీ ఇంట్లో నెట్ ఎలా ఉంటుందే?"

వదిన గొంతు అవతలనుంచి నాకూ వినిపించేంత సంతోషంగా ఉంది. అమ్మ వస్తానంటోందనుకుంది. మా ఇంట్లో నెట్‌కి ఏమొచ్చిందమ్మా, కొత్త లైను వేయించాం, ఆ కంప్యూటర్ కూడా తెచ్చుకో, గది ఖాళీ చేయిస్తాను అంది. అత్తయ్య ఊఁ అంది. అది సరేననే ఊఁ నా, వింటున్నాననే ఊఁ నా, నాకు అర్థం కాలేదు. స్టవ్ మీద పాలు పొంగి కిందికి కారేదాకా గరిటె పట్టుకుని నిలబడ్డాను.

నిజానికి నాకు తేలికగా అనిపించాలి. అత్తయ్య ఎక్కడినుంచైనా వినవచ్చు. పట్టిక ఆగదు. మూసేయాల్సిన పనీ లేదు. ఎవరికీ నష్టం లేని ఆ ఏర్పాటులో నాకు నచ్చనిది ఏమిటో వెతికాను, దొరకలేదు.

తర్వాత వదినకి విడిగా ఫోన్ చేసి ఒక సాయం అడిగాను. మన పట్టిక మీ ఇంట్లో తెరిచి, గాలిమర పక్కన ఆలస్యం అనే గడిలో ఎంతుందో చదవమన్నాను. ఆ గడి చూసేవాళ్ళు ఎక్కడ కూర్చుంటే అక్కడినుంచి కొలుస్తుంది. మా ఇంట్లో వచ్చే అంకె నాకు కంఠతా వచ్చు. వదిన కళ్ళద్దాలు వెతుక్కుని, చదివి చెప్పింది. మా అంకె కంటే బాగా తక్కువ. అంటే మాటలు అక్కడికే త్వరగా చేరతాయి. దానికి నేను ఎందుకు దిగులుపడ్డానో నన్నెవరూ అడగకపోవడం మంచిదైంది.

సెలవులు చివరికొస్తుండగా మళ్ళీ గాలిమరకి వెళ్ళాం. మేమిద్దరం ఎక్కువగా వెళ్ళింది అక్కడికే. మార్కు ఎప్పుడో వేసేశాం, అయినా ఇంకొకసారి సరిచూడాలని ఎవరో ఒకరం అనేవాళ్ళం.

"అన్నా, నువ్వు దీనికి జవాబు చెప్పితీరాలి," అన్నాడు మేస్త్రీ. "కొండ మీదికి లిఫ్టు కడతానన్నావు. నువ్వు చెప్పిన కొలతలకి చలికాలంలోనే అడుగుదాకా తవ్విపెట్టాం. అప్పట్నుంచీ అలాగే ఉంది. ఈవిడ ఇప్పటికే అందులో పడింది."

"పడింది నువ్వు," అంది పిన్ని.

"ఎవరో ఒకరు పడ్డారు. అన్నా, ఈ వారం కడతావా, వచ్చే వారమా? ఈ వారమైతే ఒక దూకు. వచ్చే వారమైతే రెండు."

అత్తయ్య వేలు పొడుగు మీట మీదకి వెళ్ళి, దాన్ని తాకకుండా ఆగింది. వేలు అలాగే గాల్లో ఉంది. తెర మీద బొమ్మ ఆ గొయ్యి అంచున నిలబడి ఉంది.

"ఏంటన్నా, లెక్కేసుకుంటున్నావా?"

అత్తయ్య వేలు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నావైపు చూడలేదు. నేను మైకు మీట నొక్కాను. నొక్కాలని అనుకున్నట్టు గుర్తు లేదు.

"నమస్కారమండి," అన్నాను. "నేను ఆవలింత భార్యని. ఆయన చలికాలంలో పోయారు. లిఫ్టు కట్టలేరు. ఇన్నాళ్ళూ దూకింది వాళ్ళ అమ్మగారు."

తరగతిలో హాజరు పిలిచే గొంతుతోనే చెప్పాను. నాకు ఇంకో గొంతు లేదు.

ఆటలోని గాలిమర తిరుగుతున్న చప్పుడు మాత్రం చెవుల్లో వినిపిస్తోంది. లైను తెగిందేమోనని అత్తయ్య హెడ్‌ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"అమ్మగారా దూకింది?" అన్నాడు మేస్త్రీ.

"అవునండి."

"బాగా దూకారు," అన్నాడు. తర్వాత దగ్గాడు.

"అమ్మా," అంది పిన్ని. "వింటున్నారా?"

అత్తయ్య నా చేతిని మైకు మీట మీదనుంచి తప్పించింది. మాట్లాడుతుందనుకున్నాను. పొడుగు మీట నొక్కింది. బొమ్మ ఒకసారి ఎగిరి దిగింది.

బయటికి వచ్చాక పట్టిక తెరిచాను. ఏం రాయమంటారని అడిగాను.

"గడి ఖాళీ చేసెయ్. వాళ్ళకి మనం ఎప్పుడో కొత్తవాళ్ళం కాకుండా పోయాం. ఎరిగినవాళ్ళు ఎలా పలకరిస్తారో చూసి కొత్తవాడికి ఏం చెప్తాం?" అంది. తర్వాత మొహం కడుక్కోవడానికి వెళ్ళి, నీళ్ళు చాలాసేపు వదిలి ఉంచింది.

వదిన చెప్పినట్టే వచ్చింది. చక్రాల పెట్టె ఖాళీగా తెచ్చింది, అమ్మ సామాను కోసం. మధ్యాహ్నానికి అందులో దుప్పట్లు, మందులు, కళ్ళద్దాల డబ్బా సర్దడం అయింది. కంప్యూటర్ తీగలు ఊడదీయడానికి వదిన బల్ల కిందికి వంగింది.

"ఏది ఎక్కడ పెట్టాలో రాసుకో మరదలా, అక్కడ మళ్ళీ మా వల్ల కాదు."

"వదినా, ఒక్క నిమిషం," అన్నాను. అత్తయ్యవైపు తిరిగాను. చెప్పకుండా ఉంటే అది మోసం అవుతుందనిపించింది. "అత్తయ్యా, నేను కొలిపించాను. వదిన వాళ్ళింటి నుంచి ఆలస్యం తక్కువ. ఇక్కడికంటే అక్కడే మీకు బాగా వినిపిస్తుంది."

అత్తయ్య మంచం అంచున కూర్చుని ఉంది. చెప్పులు వేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని.

"ఎంత తక్కువ?"

అంకె చెప్పాను.

"అది యంత్రం చెప్పింది," అంది. "నువ్వేమంటావు?"

"నేనేమంటాను? తక్కువ అంటే మంచిదేగా."

"అమ్మాయ్, సెలవులంతా నా పక్కన కూర్చున్నావు. నీ గొంతు నాకు తెలియదనుకుంటున్నావా? స్వాగతం సార్ అన్నట్టుంది."

వదిన బల్ల కిందనుంచి తల బయటపెట్టింది. "ఏంటమ్మా ఈ గొడవ? ఏ సారు?"

నాకు చెప్పవలసిన మాట ఒకటే ఉంది. అది చాలా చిన్నది, రెండో తరగతి పిల్లలు కూడా రాయగలరు. అత్తయ్య ఉండాలని నేను కోరుకుంటున్నది అత్తయ్య కోసమా, నా కోసమా, సాయంత్రాలు ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదనా? వడగట్టి, ఏది నిజమో తేల్చుకుని చెబుదామనుకున్నాను. తేలలేదు.

"ఉండండి," అన్నాను.

అత్తయ్య కాసేపు నన్ను కాకుండా గోడని చూసింది, దూరంనుంచి వచ్చిన మాటని రెండోసారి వింటున్నట్టు. తర్వాత చెప్పులు విప్పి, మంచం కిందికి తోసింది.

"వచ్చే సెలవులకి వస్తాలేవే," అంది కూతురితో. "ఆ తీగ మళ్ళీ పెట్టు. ఊడదీసింది నువ్వేగా, నీకు తెలుస్తుంది ఎక్కడిదో."

వదిన ఏడ్చింది. తర్వాత కోప్పడింది. ఖాళీ పెట్టె ఇంత దూరం ఈడ్చుకొచ్చానని, నన్ను ఇద్దరూ కలిసి పిచ్చిదాన్ని చేశారని అంది. అన్నీ నిజమే. సాయంత్రానికి చల్లబడి, తీగలు తనే పెట్టి, తెర ముందు కూర్చుంది.

"ఇంతకీ ఏముంది ఇందులో? నన్నూ చూడనివ్వండి."

ఆవలింత పేరుతో ఇక వెళ్ళకూడదనుకున్నాం. అప్పటికప్పుడు ఒక కొత్త పేరు పెట్టి, మేం ఎప్పుడూ వెళ్ళని ఒక సర్వర్ తెరిచాను. వదిన చెవులకి ఆయన హెడ్‌ఫోన్ పెట్టాను. ఒక వాగు, ఒక వంతెన, ఎవరివో రెండు బొమ్మలు మావైపు నడిచి వస్తున్నాయి. వదిన కుర్చీలో వెనక్కి జరిగింది.

"అయ్యో, ఎవరో నన్ను అడుగుతున్నారే. ఏమైనా తిన్నావా అంటున్నారు. ఏం చెప్పను?"

"మాట్లాడకు, విను," అంది అత్తయ్య.

"తిన్నానని చెప్పండి," అన్నాను నేను, అదే క్షణంలో.

వదిన ఒకసారి ఆవిణ్ణి, ఒకసారి నన్ను చూసింది. తెర మీద ఆ రెండు బొమ్మలూ ఆగి, జవాబు కోసం నిలబడ్డాయి.